చిన్న స్వచ్ఛంద సంస్థకు ఏ సామాజిక మాధ్యమం నప్పుతుంది?

రక్తదాతల బృందం కానివ్వండి, ఊరి గ్రంథాలయ కమిటీ కానివ్వండి, వృద్ధాశ్రమం నడిపేవారు కానివ్వండి, కాసేపు మాట్లాడితే అందరి నుంచీ ఒకే ప్రశ్న వస్తుంది. వాట్సాప్ చాలా, ఫేస్‌బుక్ పేజీ తెరవాలా, యూట్యూబ్ ఛానెల్ కూడా పెట్టాలా అని అడుగుతారు. అన్నింట్లోనూ ఉండండి అని సలహా ఇచ్చేవారికి కొదవ లేదు. ఆ మాట విని ఒక్క ఆదివారం నాడే ఐదు ఖాతాలు తెరిచి, సంక్రాంతి శుభాకాంక్షలతో మొదలుపెట్టి, ఉగాది వచ్చేసరికి ఐదింటినీ మూలన పడేసిన సంస్థలను నేను చాలానే చూశాను. అలా వదిలేసిన ఖాతా అసలు తెరవని ఖాతా కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. సహాయం కోరుతూ అందులో సందేశం పెట్టినవారు రెండు రోజులు ఎదురుచూసి, ఈ సంస్థ మూతపడి ఉంటుందని అనుకొని వెళ్లిపోతారు, ఆ సంగతి మనకు ఎప్పటికీ తెలియదు.

అందుకే ఏ మాధ్యమంలో జనం ఎక్కువ అన్న లెక్కను నేను రెండో స్థానంలో ఉంచుతాను. అక్కడ మనల్ని పలకరించినవారికి మన తరఫున ఎవరు, ఎంతసేపట్లో బదులు చెబుతారన్నది ముందు తేలాలి. సామాజిక మాధ్యమంలో చురుకుగా ఉండడం అంటే రోజుకు మూడు పోస్టర్లు పెట్టడమని చాలామంది పొరబడుతున్నారు. వారానికి ఒక్కటే పెట్టి, దాని కింద వచ్చిన పదకొండు ప్రశ్నలకూ ఓపికగా జవాబిచ్చే సంస్థ అంతకంటే ఎన్నో రెట్లు చురుకైనది. ఈ కొలతతోనే ఒక్కొక్క వేదికనూ పోల్చి చూద్దాం.

వాట్సాప్: ఒక పేరు, నాలుగు పనిముట్లు

తెలుగు జిల్లాల్లో ఏ సంస్థకైనా మొదటి మెట్టు వాట్సాపే. అంగన్‌వాడీ టీచరు మొదలుకొని పదవీ విరమణ చేసిన తహసీల్దారు వరకు అందరి ఫోన్లలోనూ అది ఉంది, వాడడం ఎవరికీ కొత్తగా నేర్పనక్కరలేదు. అయితే ఆ ఒక్క పేరు కింద గ్రూపు, బ్రాడ్‌కాస్ట్ లిస్టు, ఛానెల్, బిజినెస్ యాప్ అని నాలుగు వేర్వేరు పనిముట్లు ఉన్నాయి. వీటి తేడా తెలియక, అన్ని పనులనూ గ్రూపుతోనే చేయబోయి సంస్థలు ఇబ్బంది పడుతున్నాయి.

గ్రూపులో 1,024 మంది వరకు ఉండవచ్చు. అందరూ మాట్లాడవచ్చు, అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. పదిహేను మంది కార్యకర్తలు ఒక కంటి వైద్య శిబిరానికి షామియానా ఎవరు తేవాలి, భోజనాలు ఎవరు చూడాలి అని పంచుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. అదే గ్రూపులో ఎనిమిది వందల మంది దాతలను చేర్చామంటే తెల్లవారితే శుభోదయాలు, మధ్యాహ్నం రాజకీయ వాదనలు, రాత్రికి ఎవరో పంపిన నాటు వైద్యం చిట్కాలు నిండిపోయి, శిబిరం తేదీ మారిందన్న అసలు సందేశం ఎక్కడో అడుగున పడిపోతుంది. దానికి తోడు మహిళా సభ్యుల నంబర్లు అపరిచితుల చేతికి వెళ్తాయి. గృహహింస బాధితుల కోసం, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి కోసం పనిచేసే సంస్థలు మాత్రం సహాయం పొందుతున్నవారిని ఎట్టి పరిస్థితిలోనూ ఒకే గ్రూపులో చేర్చకూడదు. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాలను వారి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. ఒక్కొక్కసారి గ్రూపు పేరును బట్టే ఆ వివరం బయటపడిపోతుంది.

బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒక్కొక్క జాబితాకు 256 మంది వరకు చేర్చవచ్చు. మనం ఒకసారి పంపిన సందేశం ఎవరికి వారికి విడిగా వెళ్తుంది, బదులు మనకొక్కరికే వస్తుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికి మాత్రమే ఆ సందేశం అందుతుంది. దాత రశీదు తీసుకునే సమయంలోనే మన నంబరును పేరుతో సహా సేవ్ చేయించడం దీనికి విరుగుడు. ఛానెల్ 2023 సెప్టెంబరులో మన దేశానికి వచ్చింది. అందులో చేరినవారి నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, చేరేవారి సంఖ్యకు గ్రూపులాంటి పరిమితి లేదు, అయితే అది ప్రధానంగా మన వైపు నుంచి సాగే ప్రకటన. బిజినెస్ యాప్ 2018 నుంచి ఉచితంగా దొరుకుతోంది. పేరు చూసి అది దుకాణాలకేనని అనుకోవద్దు. వచ్చినవారికి వెంటనే ఒక పలకరింపు పంపడం, పని వేళలు తెలపడం, తరచూ అడిగే ప్రశ్నలకు సిద్ధంగా జవాబులు ఉంచుకోవడం, ఒక్కొక్క సంభాషణకూ ‘దాత’, ‘రోగి బంధువు’, ‘కార్యకర్త’ అని గుర్తు పెట్టుకోవడం దానితో వీలవుతాయి.

కార్యకర్తలకు గ్రూపు, దాతలకు బ్రాడ్‌కాస్ట్ లేదా ఛానెల్, సహాయం కోరేవారికి బిజినెస్ నంబరు అని పనిని విడదీయడమే నా దృష్టిలో సరైన ఎంపిక. ఆ బిజినెస్ నంబరు సంస్థ పేరున తీసుకున్న సిమ్‌తో ఉండాలి తప్ప కార్యదర్శి సొంత నంబరుతో ఉండకూడదు.

వాట్సాప్ వాడకంలో మన తెలుగు సమాజం దిద్దుకోవలసిన తప్పు ఒకటి ఉంది, దాని దగ్గర కాస్త ఆగుతాను. ఒక ఉదయం నాకు నాలుగు గ్రూపుల నుంచి ఒకే సందేశం వచ్చింది. “అత్యవసరం. బి నెగెటివ్ రక్తం కావాలి. దయచేసి అందరికీ పంపండి” అని ఉంది, కింద ఒక నంబరు ఉంది, తేదీ లేదు. ఆ నంబరుకు ఫోన్ చేశాను. అవతల ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా చెప్పారు: “మా అమ్మాయికి ఆపరేషన్ అయి ఇంటికొచ్చి మూడు నెలలయిందండీ. రోజూ ఇద్దరు ముగ్గురు చేస్తూనే ఉన్నారు. విసుక్కోలేను, అందరూ మంచికే చేస్తున్నారు కదా.” మూడు నెలలుగా రోజుకు ఇద్దరు ముగ్గురు అంటే రెండు వందల మందికి పైగా మంచి మనసున్నవారు ఒక అక్కర తీరిపోయిన చోటికి ఫోన్ చేశారన్నమాట. అందులో కొందరైనా, ఇలాంటి సందేశాలు ఎప్పుడూ పాతవేనని నమ్మి, తరువాత వచ్చిన నిజమైన పిలుపును పట్టించుకోకుండా ఉండి ఉంటారు. వదంతులను అడ్డుకోవడానికి వాట్సాప్ 2018 జూలైలో మన దేశంలో ఫార్వర్డులను ఒక్కసారికి ఐదు చాట్‌లకు పరిమితం చేసింది. చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో కట్టడి చేసింది. అయినా తేదీ లేని సందేశానికి చావు లేదు.

కాబట్టి రక్తం కోసం సందేశం రాసేటప్పుడు ఇలా రాయండి: “బి నెగెటివ్, రెండు యూనిట్లు. ఫలానా ఆసుపత్రి రక్తనిధి. 12వ తేదీ మంగళవారం సాయంత్రం 5 గంటల లోపు. ఆ గడువు దాటాక ఈ సందేశాన్ని ఎవరికీ పంపవద్దు.” రోగి పేరు, రోగి బంధువుల నంబరు రాయకుండా మీ సమన్వయకర్త నంబరు రాయండి. దాతల వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండాలనీ, బరువు కనీసం 45 కిలోలు ఉండాలనీ, గతంలో ఇచ్చి పురుషులకు మూడు నెలలు, స్త్రీలకు నాలుగు నెలలు దాటి ఉండాలనీ ఒక వాక్యం చేర్చితే వృథా ప్రయాణాలు తగ్గుతాయి. రక్తం దొరికిన వెంటనే, సందేశం పెట్టిన ప్రతి చోటా “దొరికింది, ధన్యవాదాలు” అని రాయడం కూడా అదే బాధ్యతలో భాగం.

ఫేస్‌బుక్: ప్రొఫైలా, పేజీనా, గ్రూపా

నలభై ఏళ్లు దాటినవారు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు, ఊరు విడిచి నగరాల్లోనూ విదేశాల్లోనూ స్థిరపడినవారు ఇప్పటికీ తీరిగ్గా కూర్చొని చదివే చోటు ఇది. పది పంక్తుల రాతకు ఇక్కడ పాఠకులు ఉన్నారు, ఫొటోల ఆల్బం పెట్టవచ్చు, పాత పోస్టులను తేదీల వారీగా వెతికి చూడవచ్చు. విరాళం ఇచ్చేముందు ఒక సంస్థ గతంలో ఏం చేసిందో చూడాలనుకునేవారికి ఇది ఒక దస్త్రంలా ఉపయోగపడుతుంది.

ఇక్కడ చాలా సంస్థలు మొదటి అడుగులోనే పొరపాటు చేస్తాయి. సంస్థ పేరుతో ఒక వ్యక్తిగత ప్రొఫైల్ తెరిచి, అందరికీ స్నేహ అభ్యర్థనలు పంపుతాయి. ప్రొఫైల్‌కు ఐదు వేల మంది స్నేహితులు దాటితే ఇక చేర్చుకోలేరు. అంతకంటే ముఖ్యంగా, ప్రొఫైల్ వ్యక్తులకు మాత్రమే ఉద్దేశించినది కాబట్టి ఫేస్‌బుక్ దాన్ని ఏ రోజైనా నిలిపివేయవచ్చు. సంస్థకు కావలసింది పేజీ. ఒక విషయం చుట్టూ సభ్యులు తమలో తాము మాట్లాడుకోవాలంటే, ఉదాహరణకు మీ జిల్లాలోని మిద్దెతోటల పెంపకందార్లు విత్తనాలు పంచుకోవాలంటే, గ్రూపు మేలు. అయితే గ్రూపులో వచ్చే పోస్టులను రోజూ చూసి, తగనివి తీసేసే మోడరేటరు ఉండి తీరాలి.

ఫేస్‌బుక్ 2017 అక్టోబరు 1న, జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినోత్సవం నాడు, మన దేశంలో రక్తదాతలు తమ పేర్లు నమోదు చేసుకొనే సదుపాయాన్ని ప్రారంభించింది. అది మంచి ప్రయత్నమే. అయినా నా అనుభవంలో మండల స్థాయి అవసరానికి కార్యకర్త చేతిలోని బ్లడ్ గ్రూపుల జాబితాయే త్వరగా పని చేస్తుంది. ఫేస్‌బుక్ ద్వారా కొత్త దాతలను కనుగొని, వాట్సాప్ ద్వారా వారిని పిలవడం మంచి జోడింపు.

పేజీ విషయంలో ఒక హెచ్చరిక. నేను కొంతకాలం సాయపడిన ఒక సంస్థకు ఉత్సాహవంతుడైన ఒక డిగ్రీ విద్యార్థి పేజీ తెరిచిపెట్టాడు. నాలుగు వేల మంది అనుసరించేవారు. అతనికి పుణెలో ఉద్యోగం వచ్చింది, ఫోను మార్చాడు, పాత నంబరు పోయింది, పాస్‌వర్డు మరిచిపోయాడు. అతని ఖాతా ఒక్కటే అడ్మిన్. ఆ పేజీ ఈనాటికీ తెరిస్తే కనిపిస్తుంది, పాత చిరునామా చూపిస్తుంది, దానిలో ఒక్క అక్షరం మార్చే వీలు ఎవరికీ లేదు. అతని తప్పేమీ లేదు, ఇద్దరు ముగ్గురిని అడ్మిన్లుగా చేర్చాలన్న ఆలోచన కమిటీకి రాకపోవడమే తప్పు. ఏ వేదికైనా సరే, కనీసం ఇద్దరికి పూర్తి అధికారం ఉండాలి, రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డుతో పాటు మరో కోడు కూడా అడిగే ఏర్పాటు, ఆన్ చేసి ఉండాలి.

యూట్యూబ్: ఆలస్యంగా ఫలించినా ఎక్కువ కాలం నిలిచేది

వాట్సాప్ సందేశం ఒక పూట బతుకుతుంది, ఫేస్‌బుక్ పోస్టు మూడు నాలుగు రోజులు బతుకుతుంది. పాము కరిచినప్పుడు ఏం చేయాలి, వికలాంగుల ధ్రువపత్రానికి ఎలా దరఖాస్తు చేయాలి, పొలానికి జీవామృతం ఎలా తయారు చేయాలి అన్న వీడియోను మాత్రం మూడేళ్ల తరువాత కూడా ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు. చదవడం అంతగా రానివారు కూడా మైకు గుర్తు నొక్కి తెలుగులో అడిగి చూస్తున్నారు. అందువల్ల నేర్పించే స్వభావం ఉన్న సంస్థలకు, అంటే ఆరోగ్యం, వ్యవసాయం, చట్టపరమైన సహాయం, చదువు వంటి రంగాల్లో ఉన్నవారికి, యూట్యూబ్‌ను మించినది లేదు.

తెలంగాణకు చెందిన నారాయణ రెడ్డి గారు ‘గ్రాండ్‌పా కిచెన్’ పేరుతో ఆరుబయట కట్టెల పొయ్యి మీద పెద్ద పెద్ద పాత్రల్లో వండి, ఆ వంటను అనాథ పిల్లలకు పంచేవారు. 2019 అక్టోబరులో ఆయన కన్నుమూసేనాటికి ఆ ఛానెల్‌కు అరవై లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. స్టూడియో లేదు, ఇంగ్లిషు ఉపన్యాసం లేదు. పని కళ్లముందు కనిపించడమే ఆ వీడియోల బలం. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేసిన దళిత మహిళలు ఈ మాధ్యమాలేవీ ఇంతగా పెరగకముందే కెమెరాలు పట్టుకొని తమ చిరుధాన్యాల సాగు గురించి చిత్రాలు తీశారు. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియోను కూడా వారే ప్రారంభించి నడిపారు. మాకు చదువు రాదు, మాకు ఇవన్నీ ఎందుకు అని సందేహించే సంఘాలకు నేను ఎప్పుడూ ఆ మహిళల సంగతే చెబుతాను.

ప్రకటనల ఆదాయం మీద మాత్రం ఆశ పెట్టుకొని ఛానెల్ తెరవవద్దు. ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ గానీ, తొంభై రోజుల్లో షార్ట్స్ అనే చిన్న వీడియోలకు కోటి వీక్షణలు గానీ ఉండాలి. చిన్న సంస్థకు అది చాలా దూరపు మాట. యూట్యూబ్‌లో అసలు ఖర్చు సమయం. ఐదు నిమిషాల వీడియోకు చిత్రీకరణ, కూర్పు కలిపి ఒక కార్యకర్త పూర్తి రోజు పడుతుంది. నెలకు రెండు వీడియోల శక్తి ఉందనుకుంటేనే మొదలుపెట్టండి. శబ్దం విషయంలో రాజీ పడకండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినిపించకపోతే పది క్షణాల్లో వెళ్లిపోతారు. కొద్ది వందల రూపాయల కాలరు మైకు పెట్టుకుంటే చాలు.

ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, టెలిగ్రామ్

2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించాక, కొద్ది రోజుల్లోనే వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ అనే చిన్న వీడియోల్లోకి మన యువత చాలా వరకు మళ్లింది. కళాశాల విద్యార్థుల నుంచి కార్యకర్తలు కావాలనుకుంటే, మొక్కలు నాటడం, చెరువు శుభ్రం చేయడం వంటి కంటికి కనిపించే పనులు చేస్తుంటే, ఇది మంచి చోటు. పోస్టు కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి విరాళాల సేకరణకు గానీ, దరఖాస్తు నింపించడానికి గానీ అంత అనుకూలం కాదు. మీ సంస్థలో పాతికేళ్ల లోపువారు ఇద్దరైనా లేకపోతే దీన్ని ఇప్పటికి పక్కన పెట్టండి.

ఎక్స్‌ను, అంటే 2023 జూలై వరకు ట్విట్టర్ అని పిలిచినదాన్ని, వాడే తెలుగువారు వాట్సాప్‌తో పోలిస్తే చాలా తక్కువ. కానీ అక్కడ అధికారులు, మంత్రులు, విలేకరులు ఉన్నారు. ప్రజలతో మాట్లాడడానికి కాకుండా, ప్రజల తరఫున అధికారులతో మాట్లాడడానికి అది పనికొస్తుంది. సుష్మా స్వరాజ్ గారు విదేశాంగ మంత్రిగా ఉన్న 2014–2019 మధ్య కాలంలో పరాయి దేశాల్లో చిక్కుకున్నవారి మొరలకు అక్కడే స్వయంగా జవాబిచ్చేవారు. గల్ఫ్‌కు వలస వెళ్లేవారి కోసం జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప వైపు పనిచేసే సంఘాలకు ఈ ఖాతా తప్పనిసరి అని నా అభిప్రాయం. 2021లో కరోనా రెండో ఉధృతి సమయంలో ఆక్సిజన్ కోసం, పడకల కోసం జనం సామాజిక మాధ్యమాల్లో వేడుకున్నప్పుడు, అలా కష్టం చెప్పుకునే పౌరులను అణచివేస్తే కోర్టు ధిక్కారంగా చూస్తామని సుప్రీంకోర్టు ఆ ఏడాది ఏప్రిల్ 30న స్పష్టం చేసింది. ఉచిత ఖాతాలో ఒక్కొక్క పోస్టుకు 280 అక్షరాలే కాబట్టి ఎవరిని అడుగుతున్నారో, ఏమి అడుగుతున్నారో మొదటి వాక్యంలోనే రావాలి.

టెలిగ్రామ్ గ్రూపులో రెండు లక్షల మంది వరకు ఉండవచ్చు, పెద్ద ఫైళ్లు పంపవచ్చు, కొత్తగా చేరినవారు పాత సందేశాలన్నీ చదువుకోవచ్చు. పోటీ పరీక్షల అభ్యర్థులకు ఉచితంగా పాఠాలు అందించే సంస్థలకు అది బాగా నప్పుతుంది, తక్కినవారికి పెద్దగా అవసరం లేదు.

ఏ వేదికకైనా వర్తించే తెలుగు చిక్కు

డీటీపీ సెంటరులో కరపత్రాన్ని ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్లలో తయారు చేయించి, అదే పాఠాన్ని తీసుకొచ్చి ఫేస్‌బుక్‌లో అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. అప్పుడు కార్యదర్శి ఆ కరపత్రాన్ని ఫొటో తీసి బొమ్మగా పెట్టేస్తారు. ఆ బొమ్మలోని అక్షరాలు వెతికేవారికి సరిగా దొరకవు, చూపు లేనివారి ఫోను వాటిని చదివి వినిపించలేదు, నంబరు నొక్కితే ఫోన్ వెళ్లదు. పాఠాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తించే అక్షర పద్ధతిలోకి, మార్పించి, బొమ్మతో పాటు రాతగా కూడా పెట్టడం దీనికి పరిష్కారం. మండలి, రామభద్ర, గిడుగు, మల్లన్న వంటి అందమైన యూనికోడ్ తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. తెలుగు టైపు చేయడం రానివారు ఫోనులో మైకు నొక్కి మాట్లాడి, వచ్చినదాన్ని ఒకసారి దిద్దుకుంటే సరిపోతుంది. రోమన్ అక్షరాల్లో రాసిన తెలుగును పల్లెలోని పెద్దవారు కూడబలుక్కుంటూ చదువుతారు. వారి కోసమే పనిచేస్తున్నప్పుడు వారి లిపిలోనే రాయడం మన కనీస మర్యాద.

డబ్బు, ఫొటోలు, చట్టం

ఎంచుకున్న వేదిక ఏదైనా మూడు చోట్ల జాగ్రత్త అవసరం, వీటిలో తప్పు జరిగితే సంస్థ మనుగడకే ముప్పు.

మొదటిది విదేశీ విరాళం. మన విజ్ఞప్తి వాట్సాప్‌లో డల్లాస్‌కో, లండన్‌కో, మెల్‌బోర్న్‌కో చేరడానికి నిమిషం పట్టదు. అక్కడి తెలుగువారు ఉదారంగా స్పందిస్తారు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదనలోంచి సాధారణ బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకొని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. అనుమతి ఉన్న సంస్థ కూడా 2020 సవరణ తరువాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే తెప్పించుకోవాలి. అందుచేత క్యూఆర్ కోడు ఉన్న ప్రతి పోస్టులోనూ “భారత పౌరుల నుంచి మాత్రమే” అన్న పంక్తి ఉండాలి. విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే గుర్తింపు (80జి అని పేరుపడినది) లేకుండా పన్ను మినహాయింపు ఉందని రాయకూడదు. ఉన్నా, రెండు వేల రూపాయలకు మించిన నగదు విరాళానికి ఆ మినహాయింపు వర్తించదని దాతకు ముందే చెప్పాలి.

రెండోది పిల్లల ఫొటోలు. అన్నం తింటున్న అనాథ పిల్లల ముఖాలు చూపిస్తే విరాళాలు పెరుగుతాయన్నది నిజమే కావచ్చు. కానీ సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఊరు, బడి, వారిని గుర్తుపట్టగల మరే వివరమైనా బయటపెట్టడాన్ని 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది, దానికి ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి అటుంచినా, ఆ పిల్లవాడు రేపు ఇంటర్‌లో చేరిన నాడు అతని తోటివారి ఫోనులో ఈ బొమ్మ కనబడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. వండుతున్న చేతులు, వరుసగా పేర్చిన కంచాలు, పిల్లలు వేసిన బొమ్మలు, తోటలో వారు పెంచిన ఆనపకాయలు ఇవన్నీ చూపించవచ్చు. అవి తక్కువ మాట్లాడవు.

మూడోది జాబితాలు. రక్తదాతల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు ఉన్న పట్టికను సేవాభావంతోనే కొందరు బహిరంగంగా పెట్టేస్తున్నారు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. ఎవరి వివరమైనా తీసుకునేటప్పుడే ఎందుకోసమో చెప్పి సమ్మతి తీసుకోవడం, ఆ పనికే వాడడం, వద్దన్న రోజున తీసేయడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలి.

మీ సంస్థ పేరుతో ఎవరైనా నకిలీ ఖాతా తెరిచి డబ్బు వసూలు చేస్తే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. అదే రోజున మీ అసలు ఖాతాల్లో ప్రకటన పెట్టండి. ఆ వేదికలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి రాస్తే, 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం ఆయన ఇరవై నాలుగు గంటల్లో అందినట్టు తెలపాలి.

ఎవరికి ఏది

కార్యకర్తలు ఐదుగురి లోపు ఉన్న సంస్థకు నా సలహా: వాట్సాప్ బిజినెస్ నంబరు, ఒక ఫేస్‌బుక్ పేజీ, అంతే. రక్తదానం, అత్యవసర సహాయం చేసేవారు వాట్సాప్ మీదే శక్తినంతా పెట్టండి. బోధన మీ పని అయితే యూట్యూబ్‌ను ముందు పెట్టి, ఆ లింకులను వాట్సాప్‌లో పంచండి. పౌర సమస్యల మీద పోరాడేవారికి ఎక్స్, ఫేస్‌బుక్ రెండూ కావాలి. యువజన సంఘాలకు ఇన్‌స్టాగ్రామ్ సరిపోతుంది. బాధితుల రహస్యాన్ని కాపాడవలసిన సంస్థలకు మాత్రం బహిరంగ ఖాతా కంటే నమ్మకంగా ఎత్తే ఒక ఫోన్ నంబరే ప్రధానం. సామాజిక మాధ్యమంలో ఆ నంబరును పదిమందికి తెలిసేలా చేయడం వరకే వారి పని. ఏది ఎంచుకున్నా మూడు నెలలు గడిచాక లైకుల సంఖ్య చూడకుండా, ఆ వేదిక ద్వారా ఎంతమంది సహాయం అడిగారు, ఎంతమంది పనికి వచ్చారు, ఎంతమందికి మనం జవాబిచ్చాం అన్న మూడు అంకెలు రాసుకోండి. రెండోసారి కూడా మూడింటిలో సున్నాలే ఉంటే ఆ ఖాతాలో “మమ్మల్ని ఫలానా చోట కలవండి” అని రాసి, దానికి గౌరవంగా సెలవు చెప్పండి.

ఏ సంస్థలోనూ సభ్యులు కాని మామూలు వ్యక్తులకు కూడా ఇందులో చోటు ఉంది, అది లైకు నొక్కడం కంటే పెద్దది. మీకు తెలిసిన సంస్థ పోస్టు కింద “నేను గత నెల అక్కడికి వెళ్లాను, బస్టాండు వెనక వీధిలో ఉంది, ఆదివారం సెలవు” అని రాస్తే, అది పది పోస్టర్ల పెట్టు. తేదీ లేని సందేశం వచ్చినప్పుడు ముందు ఫోన్ చేసి కనుక్కొని, అక్కర తీరిపోయిందని తెలిస్తే పంపినవారికి ఆ మాట చెప్పండి. విదేశాల్లో ఉన్నవారికి నేను ప్రత్యేకంగా ఒక మాట చెబుతుంటాను: డబ్బు పంపడానికి నిబంధనలు అడ్డు రావచ్చు, సమయం ఇవ్వడానికి రావు. ఇక్కడ రాత్రి పదకొండు గంటలంటే డల్లాస్‌లో మధ్యాహ్నం. ఇక్కడి కార్యకర్త నిద్రపోయే వేళ వచ్చే సందేశాలకు అక్కడి నుంచి ఒకరు “చూశామండీ, పొద్దున్నే మా వాళ్లు ఫోన్ చేస్తారు” అని జవాబిస్తే, ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషికి ఆ రాత్రి గడుస్తుంది.

ఆర్కుట్ 2014లో మూతపడింది, గూగుల్ ప్లస్ 2019లో, టిక్‌టాక్ మనకు 2020లో, మన దేశంలోనే పుట్టిన ‘కూ’ 2024లో దూరమయ్యాయి. వాటిలో సంస్థలు పోగుచేసుకున్న ఫొటోలు, పరిచయాలు చాలా వరకు వాటితోనే పోయాయి. వీడియోల అసలు ఫైళ్లు ఒక హార్డ్ డిస్కులో, దాతల జాబితా కార్యాలయపు కంప్యూటరులో, ఖాతాల పాస్‌వర్డులు సీలు వేసిన కవరులో పెట్టి కార్యదర్శి బీరువాలో ఉంచండి. కార్యవర్గం మారిన రోజున మినిట్స్ పుస్తకంతో పాటు ఆ కవరు కూడా కొత్త కార్యదర్శి చేతికి అందించి, పాత పాస్‌వర్డులను అక్కడికక్కడే మార్పించండి.